మాట వెంట నడిచిన కవయిత్రి

దివ్య ఖుర్ఆన్‌లోని 26వ సూరా ‘అష్‌షుఅరా’ చివరి ఆయతులు, చెప్పేదొకటి చేసేదొకటిగా బ్రతికే కవులను మందలిస్తాయి. అయితే విశ్వసించి, సత్కార్యాలు చేస్తూ, అల్లాహ్‌ను అధికంగా స్మరిస్తూ, తమకు అన్యాయం జరిగిన తర్వాత ఎదుర్కొని నిలిచేవారిని వాటినుండి మినహాయిస్తాయి. ఈ మినహాయింపు విలువ ఎంతటిదో ఎమ్తిథాల్ మహమూద్ జీవితం తెలుపుతుంది.

ఆమె సూడాన్‌లోని దార్ఫూర్‌లో జన్మించారు. పసితనంలోనే కుటుంబం యెమెన్‌కు, 1998లో అమెరికాకు వలస వెళ్ళి ఫిలడెల్ఫియాలో స్థిరపడింది. 2003లో దార్ఫూర్‌లో రగిలిన యుద్ధం లక్షలాది మందిని నిరాశ్రయులను చేసింది. ఆ వేదనే ఆమె కవితా వస్తువైంది.

ఆమె ఎంచుకున్నది వేదికపై గొంతెత్తి వినిపించే కవిత్వం. మన ముషాయిరాను తలపించే ఈ పోటీల్లో గడువు మూడు నిమిషాలే. శ్రోతల నుండి ఎంపికైనవారే న్యాయనిర్ణేతలు. యేల్ విశ్వవిద్యాలయంలో చదువుతుండగా, 2015లో ఆమె ప్రపంచ వ్యక్తిగత పోటీలో పాల్గొన్నారు. పోటీ జరుగుతున్న రోజుల్లోనే అవ్వ కన్నుమూశారు. ఆ దుఃఖంలోనే ‘మామా’ అనే కవిత రాసి, వినిపించి, విజేతగా నిలిచారు.

చప్పట్లతో ఆమె తృప్తిపడలేదు. శాంతిని కోరుతూ దార్ఫూర్ నుండి ఖార్టూమ్ వరకు 30 రోజుల్లో 1000 కిలోమీటర్లు నడిచారు. 2018లో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఆమెను సద్భావనా రాయబారిగా నియమించింది.

మన ఇళ్ళలోనూ మాట నేర్చిన ఆడపిల్లలున్నారు. వారి గొంతు నొక్కకండి. పీడితుల పక్షాన పలకడం నేర్పండి; పలికినదాని వెంట నడవడమూ నేర్పండి.