కంపు కొట్టే గ్యాసే రికార్డు కొట్టింది

ముదిగొండ నుంచి ఖమ్మం, కొత్తగూడెం దాటి మణుగూరు వైపు వెళ్తే అశ్వాపురం దగ్గర భారజల కర్మాగారం ఉంది. 1991లో మొదలైంది. అణు రియాక్టర్లకు కావలసిన భారజలాన్ని అక్కడ గోదావరి నీళ్లలోంచి తీస్తారు. అందుకు వాడేది హైడ్రోజన్ సల్ఫైడ్, కుళ్లిన కోడిగుడ్ల కంపు కొట్టే విషవాయువు. టవర్లలో నీళ్లు పైనుంచి దిగుతుంటే గ్యాస్ కిందనుంచి ఎక్కుతుంది. చల్లగా ఉన్నచోట డ్యుటీరియం, అంటే భారజలంలో ఉండే బరువు హైడ్రోజన్, గ్యాస్‌ను వదిలి నీళ్లలో చేరుతుంది. వేడిగా ఉన్నచోట మళ్లీ గ్యాస్‌లోకి వెళ్లిపోతుంది.

ఈ గ్యాసే 2015లో భౌతికశాస్త్రాన్ని ఒక ఊపు ఊపింది. జర్మనీలోని మైన్జ్‌లో మిఖాయిల్ ఎరెమెట్స్ బృందం దాన్ని రెండు వజ్రాల మొనల మధ్య, వాతావరణ పీడనానికి సుమారు 15 లక్షల రెట్లు నొక్కింది. మైనస్ 70 డిగ్రీల దగ్గరే విద్యుత్ నిరోధం మాయం! మరి ఇది నిరోధమే లేకుండా విద్యుత్తును పోనిచ్చే సూపర్ కండక్టరేనని నమ్మేదెలా? మామూలు హైడ్రోజన్ తీసి డ్యుటీరియం పెట్టి చూశారు. ఆ ఉష్ణోగ్రత దాదాపు 50 డిగ్రీలు పడిపోయింది. పరమాణువుల కంపనాలే ఎలక్ట్రాన్లను జతకడుతున్నాయనడానికి అదే సాక్ష్యం. బరువు పెరిగితే కంపనం మందగిస్తుంది కదా.

2019 జనవరిలో మైనస్ 13 డిగ్రీల దాకా వచ్చిన లాంథనం హైడ్రైడ్ పరిశోధనా పత్రంలో మొదటి పేరు మద్దూరి సోమయాజులు. ఆ పేరు చూస్తే ‘ఎవరి తాలూకండీ?’ అని అడగాలనిపించదూ! అమెరికాలో రసెల్ హెమ్లీ బృందంతో చేసిన పని అది. లాంథనం ముక్క పక్కన అమ్మోనియా బోరేన్ పెట్టి, నొక్కి, లేజర్‌తో కాల్చితే అందులోంచి హైడ్రోజన్ బయటికొచ్చి లోహంతో కలిసింది. పీడనం మాత్రం 18 నుంచి 20 లక్షల రెట్లు.

చలి బాధ దాదాపు తీరింది, నొక్కుడు బాధే తీరలేదు. పట్టు సడలిస్తే ఇలాంటి పదార్థాలు నిలవవు. 2023లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయ బృందం గది వేడిమిలోనే, 10 వేల రెట్ల పీడనం చాలునంది. ఆ ఏడాది నవంబరులోనే నేచర్ పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించింది. ఆర్భాటానికి తగ్గ సరుకు లేదన్నమాట.

అసలు మామూలు పీడనంలో పనిచేసే హైడ్రైడ్ 1972 నుంచే ఉంది: పల్లాడియం హైడ్రైడ్. కాకపోతే దానికి మైనస్ 264 డిగ్రీల చలి కావాలి. చిత్రమేమిటంటే, ఇందులో డ్యుటీరియం పెడితే ఉష్ణోగ్రత తగ్గదు, రెండు డిగ్రీలు పెరుగుతుంది!

ఇప్పుడు చూపంతా మెగ్నీషియం, ఇరిడియం, హైడ్రోజన్ కలిసిన ఒక పదార్థం మీదుంది. ఆరు హైడ్రోజన్లుంటే మామూలు పీడనంలోనే మైనస్ 113 డిగ్రీల దగ్గర పనిచేయొచ్చని 2024లో ఒక లెక్క చెప్పింది. ల్యాబ్‌లో చేయబోతే అయిదు హైడ్రోజన్లున్నదే చేతికొచ్చింది. అది విద్యుత్తును పోనివ్వని బంధకం. ఆ ఆరోదాన్ని ఎక్కించడమెలా అన్నదే ఇప్పుడు పని.