ప్లే థెరపీ: పిల్లల మీద ప్రేమతో పాటు శిక్షణ కూడా కావాలి

సండే స్కూల్‌లోనూ వి.బి.ఎస్.లోనూ పిల్లలతో ఇట్టే కలిసిపోయే యౌవనస్థులు ప్రతి సంఘంలో ఒకరిద్దరైనా ఉంటారు. ‘నీకు పిల్లలంటే అంత ప్రేమ కదా, ప్లే థెరపీ కోర్సు చేయకూడదా?’ అని పెద్దలు వారికి సలహా ఇస్తుంటారు. సలహా మంచిదే. అయితే ఆ శిక్షణలో ఏముంటుందో తెలుసుకుని ఫీజు కట్టడం మేలు.

పెద్దవారు దుఃఖాన్ని మాటల్లో చెప్పుకుంటారు. నాన్నను పోగొట్టుకున్న ఐదేళ్ల పాపను ‘ఎలా ఉన్నావమ్మా?’ అని అడిగితే తల దించుకుంటుంది. అదే పాప ఇసుకలో ఒక బొమ్మను పూడ్చి, పైకి తీసి, మళ్లీ పూడుస్తుంది. నోటితో చెప్పలేనిది ఆటలో చెబుతోందన్నమాట. అమెరికా మనస్తత్వవేత్త వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లో ‘ప్లే థెరపీ’ అనే పుస్తకం రాసి ఈ పనికి ఎనిమిది సూత్రాలు ఏర్పరచారు. దారి చూపేది బిడ్డ, వెంట నడిచేది థెరపిస్టు అన్నది వాటిలో ఒకటి.

శిక్షణలో చాలా భాగం ఈ వెంట నడవడం నేర్చుకోవడమే. బోధించడానికి అలవాటుపడిన మనవారికి ఇదే అన్నిటికంటే కష్టం. పిల్లవాడు ఇల్లు గీసి ‘బాగుందా ఆంటీ?’ అంటాడు. మనం వెంటనే ‘సూపర్’ అంటాం. థెరపిస్టు ‘కిటికీలకు ఎన్ని రంగులు వేశావో! చాలాసేపు కష్టపడ్డావు’ అంటుంది. మెచ్చుకోలు కోసం ఆడే బిడ్డ లోపలున్నది బయట పెట్టడు మరి. ఇంకొకడు తమ్ముడి బొమ్మను నేలకేసి కొడతాడు. ‘తప్పు నాన్నా, తమ్ముణ్ణి ప్రేమించాలి’ అని మనకు నాలుక చివరిదాకా వస్తుంది. థెరపిస్టు మాత్రం ‘వాడి మీద నీకు చాలా కోపం వచ్చింది’ అని ఊరుకుంటుంది. అలాగని హద్దులు లేవని కాదు. కర్ర ఎత్తి తన మీదికే వస్తే, ‘నీకు నా మీద కోపంగా ఉంది. నేను కొట్టడానికి కాదు. ఆ దిండును కొట్టొచ్చు’ అంటుంది. కోపాన్ని ఒప్పుకోవడం, హద్దు చెప్పడం, మరో దారి చూపడం అనే మూడూ ఆ మూడు మాటల్లో ఉన్నాయి. ఇవి తరగతిలో వింటే వచ్చేవి కావు. తల్లిదండ్రుల అనుమతితో గదిలో జరిగినదాన్ని వీడియో తీసి, అనుభవజ్ఞులైన సూపర్‌వైజర్ పక్కన కూర్చుని చూస్తూ దిద్దించుకుంటారు.

అమెరికాలో 1982లో ఏర్పడిన అసోసియేషన్ ఫర్ ప్లే థెరపీ ‘రిజిస్టర్డ్ ప్లే థెరపిస్ట్’ గుర్తింపు ఇస్తుంది. దానికి ముందు మానసిక ఆరోగ్య రంగంలో మాస్టర్స్ డిగ్రీ, రాష్ట్ర లైసెన్సు ఉండాలి. ఆ పైన 150 గంటల ప్లే థెరపీ బోధన, పిల్లలతో వందల గంటల పని, సూపర్‌విజన్. బ్రిటన్‌లో పోస్ట్ గ్రాడ్యుయేట్ కోర్సులున్నాయి. అక్కడ శిక్షణ పొందేవారు తామే కొంతకాలం థెరపీకి వెళ్లాలి. తన గాయం తెలియనివారు బిడ్డ గాయంలో తమదే చూస్తారు కాబట్టి ఇది న్యాయమైన నియమమే.

మన దేశంలో సైకాలజీలో ఎం.ఏ. లేదా ఎం.ఎస్.సి., లేదా ఎం.ఎస్.డబ్ల్యు. మంచి పునాది. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు తప్పనిసరి. వారాంతంలో రెండు రోజులు కూర్చుంటే చేతికొచ్చే ప్లే థెరపీ సర్టిఫికెట్ దానికి సమానం కాదు. కోర్సులో చేరేముందు ఒక ప్రశ్న అడగండి: నేను పిల్లలతో చేసే పనిని ఎవరు, ఎన్ని గంటలు చూసి దిద్దుతారు? జవాబు సరిగా రాకపోతే ఆ డబ్బు దాచుకోండి.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఆటలో కొన్నిసార్లు లైంగిక వేధింపుల ఛాయలు కనిపిస్తాయి. ఆట ఒక్కటే రుజువు కాదు. శిక్షణ లేనివారు కంగారుపడి ‘ఎవరు ముట్టుకున్నారు? మామయ్యేనా?’ అని అడుగుతారు. ఆ పేరు బిడ్డ నోట్లో పెట్టింది వారే. రేపు కోర్టులో బిడ్డ మాట నిలవకపోవచ్చు, లేదా ఏ పాపం ఎరుగని మనిషి నలిగిపోవచ్చు. మరోవైపు, నేరం జరిగిందని తెలిసి కూడా ‘సంఘం పరువు’ అంటూ దాచడానికి వీల్లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం అందరి బాధ్యత, చెప్పకపోతే శిక్ష ఉంది. సహాయానికి 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ ఉంది.

థెరపిస్టు కావాలనే ఉద్దేశం లేని తల్లిదండ్రులకు కూడా ఇందులో కొంత భాగం ఉంది. 1960లలో బెర్నార్డ్ గెర్నీ, లూయీస్ గెర్నీ దంపతులు తల్లిదండ్రులకే ఈ పద్ధతి నేర్పడం మొదలుపెట్టారు. థెరపిస్టు పర్యవేక్షణలో, వారానికి ఒక అరగంట, ఫోన్ పక్కన పెట్టి, ఒక్క బిడ్డతోనే, ఆ బిడ్డ చెప్పిన ఆటే ఆడతారు. ఆ అరగంటలో పాఠాలు చెప్పరు, ప్రశ్నలు వేయరు.