టాక్సీ కుదుపులకు కడుపులో ఎందుకు తిప్పుతుంది?

సింగపూర్ రోడ్లు నున్నగా ఉంటాయి. గుంతలు అరుదు. అయినా అక్కడ టాక్సీ దిగిన పిల్లలు కొందరు మొహం వేలాడేస్తారు. తప్పు రోడ్డుది కాదు, డ్రైవరు కుడికాలిది! యాక్సిలరేటర్‌ను నొక్కడం, వదలడం, మళ్లీ నొక్కడం కొందరికి అలవాటు. దానివల్ల ఇంధనం ఆదా అవుతుందని నమ్మేవాళ్లూ ఉన్నారు. మామూలుగా సాఫీగా నడిపితేనే ఖర్చు తక్కువ. ఎలక్ట్రిక్ కార్లలోనైతే కాలు తీయగానే బండి దానంతటదే నెమ్మదిస్తుంది కాబట్టి కుదుపు ఇంకా ఎక్కువ.

మరి కుదుపుకూ కడుపుకూ సంబంధం ఏమిటి?

నిండు బిందెతో నడుస్తూ ఠక్కున ఆగితే నీళ్లు ముందుకు తొణుకుతాయి కదా! మన చెవి లోపలా ఇలాంటిదే జరుగుతుంది. అక్కడ ఒక జిగురు పొర మీద సన్నని సున్నపు రేణువులుంటాయి. కారు దూకితే అవి వెనక్కి, ఆగితే ముందుకు జరుగుతాయి. పొర కిందున్న వెంట్రుకల్లాంటివి వంగి, మెదడుకు ‘కదులుతున్నాం’ అని కబురు పంపుతాయి. ఫోన్‌లో బొమ్మలు చూస్తున్న కళ్లేమో ‘అబ్బే, కదల్లేదు’ అంటాయి. ఎవరి మాట నమ్మాలో మెదడుకు తెలియదు. అప్పుడే వికారం మొదలు.

డ్రైవరుకు మాత్రం సాధారణంగా ఏమీ కాదు. కుదుపు ఎప్పుడొస్తుందో ఆయనకు ముందే తెలుసు!

ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు ఈ బాధ ఎక్కువ. అందుకే ఫోన్ పక్కన పెట్టి దూరంగా, ముందున్న రోడ్డును చూడండి. సింగపూర్‌లో టాక్సీ డ్రైవరును ‘అంకుల్’ అనే పిలుస్తారు. ‘అంకుల్, కొంచెం మెల్లగా’ అని అడగడానికి మొహమాటపడకండి.