కంటికి గానరాని జీవులలో సున్నపు కబురు

సున్నమనగానే రైతు సోదరులకు తాంబూలమో, గోడ వెల్లయో జ్ఞప్తికి వచ్చును. ఆ సున్నమునందలి కాల్షియమను ధాతువే ఏకకణ జీవులలో కబురు మోయు పని చేయుచున్నది.

ఇట్టి జీవి తన లోపలి కాల్షియమును ఎడతెగక బయటికి తోడివేయుచుండును. వెలుపలి దానిలో ఇంచుమించు పదివేలవ వంతు మాత్రమే లోపల నిలుచును. అటుల చేయనిచో అది భాస్వరముతో గలిసి గట్టిపడి జీవికే కీడగును. ఎండిన కాలువలో కొద్దిపాటి నీరు వచ్చినను రైతుకు తెలియునట్లే, లోపల కాల్షియము కొంచెము పెరిగినను జీవికి తెలియును.

ఆ కబురు నందుకొనునవి కొన్ని మాంసకృత్తులు. వానిలో పేర్కొనదగినది కాల్మాడ్యులిన్. అది 148 పూసల గొలుసు వంటిది. దానియందు నాలుగు గూళ్లు గలవు. ఒక్కొక్క గూటియందు ఒక్కొక్క కాల్షియపు కణ మిముడును. రెండు మెలికల నడుమ 12 పూసల వంపే గూడు. ఈ గూటి రూపమును 1973లో క్రెట్సింజరు మొదలగువారు కార్పు చేప కండలోని వేరొక మాంసకృత్తునందు వివరించిరి. చెరువునీటిలోని పారమీషియమునకు ఎదుట అడ్డు తగిలినచో, కాల్షియము లోనికి జొచ్చి, దాని రోమములు తిరుగుడు పడి, అది వెనుకకు ఈదును.

మనకు ముఖ్యమైనది మలేరియా క్రిమి. దోమ కడుపులో దానిని రొనాల్డు రాసు 1897లో సికింద్రాబాదునందే చూచెను. రోగి రక్తము దోమ కడుపున బడగానే వేడి తగ్గును. అచ్చటి యొక ద్రవ్యమును తగులును. అంతట క్రిమిలో కాల్షియము పెరిగి, పావుగంటలోపుననే ఒక్క మగకణమునుండి తోకగల బీజము లెనిమిది వెడలును. ఇందులకు వలయునది సీ.డీ.పీ.కే. 4 అను మాంసకృత్తు. దీనికి పనిచేయు భాగ మొకటి, దాని నడ్డగించు గడియ యొకటి, చివర పైన చెప్పిన గూళ్లు నాలుగు. గూళ్లు నిండినగాని గడియ తొలగదు. 2004లో ఎలుకల మలేరియా క్రిమినుండి దీనిని తొలగించి చూడగా మగబీజములు పుట్టలేదు. దోమ ద్వారా వ్యాప్తియు నిలిచెను.

ఇది చదివి ఎవరును గుంటలలో సున్నము చల్లబోకుడు. క్రిమి తన కాల్షియమును తన లోపలి కొట్టునుండియే తీసికొనును. గుంట పూడ్చుటయు దోమతెర కట్టుటయు నేటికిని మనచేతిలోని సాధనములు.

ఈ తరగతి మాంసకృత్తులు మనుష్యులలో లేవు. కనుకనే క్రిమికి మాత్రము తగులు మందును వెదకువారికి వీనిపై నాశ గలదు. అయితే వీని జ్ఞాతులు మన వరి పైరునందు గలవు. ఉప్పు నేలను, నీటి యెద్దడిని పైరు తాళుటలో వానికి పాత్ర యున్నది.