వెలిసిపోని రంగు: లోహపు నానో నిర్మాణాల చరిత్ర

బట్టలకు, గోడలకు వేసిన రంగులు ఎండలో వెలిసిపోవడానికి ప్రధాన కారణం, వాటిలో కాంతిని పీల్చుకునే సేంద్రియ అణువుల బంధాలను అతినీలలోహిత కిరణాలు క్రమంగా తెంచివేయడమే. నెమలి ఈకలోని నీలిమ అలాంటి రంగు పదార్థం వల్ల వచ్చింది కాదు. కాంతి తరంగదైర్ఘ్యానికి సరితూగే సూక్ష్మమైన అమరిక దానిని పుట్టిస్తుంది కనుక దానిని నిర్మాణ వర్ణం అంటారు.

లోహాలు ఈ పనిని మరింత చిన్న కొలతలో చేయగలవు. లోహంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు కాంతి తగిలినప్పుడు మూకుమ్మడిగా ఊగుతాయి. ప్లాస్మాన్ అనే ఈ ఊగిసలాట ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఉద్ధృతమవుతుందన్నది రేణువు పరిమాణాన్ని, ఆకారాన్ని, పక్క రేణువుతో ఉన్న ఎడాన్ని బట్టి మారుతుంది. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న 4వ శతాబ్దపు రోమన్ లైకర్గస్ పాత్ర బయటి వెలుతురులో పచ్చగాను, లోపల దీపం పెడితే ఎర్రగాను కనబడడానికి గాజులోని వెండి, బంగారు నానో రేణువులే కారణం. బంగారు రేణువుల ఎరుపును ఫారడే 1857లో పరిశోధించగా, గోళాకార రేణువులు కాంతిని ఎలా చెదరగొడతాయో 1908లో గుస్తావ్ మీ గణితబద్ధం చేశాడు.

కోరిన చోట కోరిన రంగును నిలపడం మాత్రం చాలాకాలం సాధ్యపడలేదు. 2012లో సింగపూర్‌లో జోయెల్ యాంగ్ బృందం ఎలక్ట్రాన్ పుంజంతో సిలికాన్‌పై అతి సన్నని స్తంభాలను చెక్కి, వాటి తలలపై వెండి, బంగారం పలుచగా పూసి, అంగుళానికి లక్ష చుక్కల సాంద్రతతో ఒక చిత్రాన్ని ముద్రించింది. లోహం పూయకముందు వర్ణరహితంగా ఉన్న ఆ చిత్రంలో, పూత పడగానే అన్ని రంగులూ ఒక్కసారిగా ప్రత్యక్షమయ్యాయి. ఈ చరిత్రలో ఇంతకన్నా ఆశ్చర్యకరమైన ఘట్టం లేదనే చెప్పాలి.

అయితే రంగు ఆకారంలో ఉన్నదంటే ఆకారం చెడితే రంగూ చెడుతుందన్నమాట. గాలిలోని గంధక సమ్మేళనాలకు వెండి నల్లబడుతుంది. అందుకే చౌకగా దొరికే అల్యూమినియం వైపు పరిశోధకుల చూపు మళ్లింది. గాలి తగిలిన వెంటనే దానిపై ఏర్పడే కొద్ది నానోమీటర్ల ఆక్సైడ్ పొర లోపలి లోహానికి కవచమవుతుంది. 2023లో సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో దేబాశిస్ చందా బృందం శూన్యగదిలో అల్యూమినియం ఆవిరిని ఆక్సైడ్ పొరపై పడనిచ్చి, పరమాణువులు తమంతట తాము చిన్న దీవులుగా గుమిగూడేలా చేసింది. అడుగున అల్యూమినియం అద్దం ఉన్న ఈ పొరలను పెచ్చులుగా ఊడదీసి, బంధక ద్రవంలో కలిపితే పెయింటు తయారవుతుంది; చదరపు మీటరుకు 0.4 గ్రాములు చాలు.

ఎలక్ట్రాన్ పుంజంతో ఒక్కొక్క చుక్కనూ చెక్కే శ్రమను ఈ పద్ధతి తప్పించింది గాని, శూన్యగది అవసరాన్ని తప్పించలేదు. అందువల్ల ఈ రంగు గోడల దాకా రావాలంటే ముందుగా పెద్ద ఎత్తున, చౌకగా తయారు కావాలి.