బండి లేచింది.. ముందు ఇరుసు మూలుగుతోంది!

నాందేడ్: మృగశిరలో నాలుగు వానలు పడితే చాలు.. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ శివార్లలో నల్లరేగడి బాటలు జిగట ముద్దలవుతాయి. ట్రాక్టర్ చక్రాలు కోసిన గాడుల నడుమ మట్టి గట్టులా మిగులుతుంది. దాని మీదుగా జీపు పోతే ఇరుసు మధ్యలోని గేర్ల గుండు గీసుకుంటూ పోవాల్సిందే. కిన్వట్, మాహూర్ దిక్కు పోతే రాళ్ల గుట్టలు. అందుకే ఫోర్‌వీల్ బండి ఉన్నోళ్లలో చాలామందికి వచ్చే ఆలోచన ఒకటే.. బండిని లేపుదాం! కమాన్ కట్టలో పట్టీలు పెంచుతారు, సాకిళ్లు పొడవు చేస్తారు, స్ప్రింగుల కింద దిమ్మలు పెడతారు. బాట కోసం లేపేవారు కొందరైతే, బజార్లో నలుగురూ చూడాలని లేపేవారూ తక్కువేం కాదు.

పది రోజులు గడిచాక ముందు నుంచి కటకట మొదలవుతుంది. స్టీరింగ్ వణుకుతుంది. గ్యారేజీకి తీసుకెళ్తే 'హౌసింగ్ పోయింది, దింపాలె' అనే మాట వినిపిస్తుంది. నిజంగా ఇరుసు దెబ్బతిన్నదా? లేక బండి లేచినందుకు కోణాలు తప్పాయా? ఈ రెండూ వేర్వేరు జబ్బులు. తేల్చకుండా విప్పితే డబ్బులు పోతాయి, చప్పుడు మాత్రం అలాగే ఉంటుంది.

ఏది లేచినట్టు?

పాత మహీంద్రా జీపులు, జిప్సీల్లో ముందు ఇరుసు ఒకే మొద్దు. కమాన్ కట్టల మీద బాడీ కూర్చుంటుంది. 2023లో వచ్చిన జిమ్నీలోనూ మొద్దు ఇరుసే, కాకపోతే కట్టలకు బదులు చుట్ట స్ప్రింగులు. వీటిని ఎంత లేపినా లేచేది బాడీయే. ఇరుసు కింద జాగా ఒక్క అంగుళం కూడా పెరగదు. అది పెరగాలంటే టైరు పెద్దది కావాలి. రెండు అంగుళాలు ఎత్తు టైరు వేస్తే ఒక్క అంగుళం జాగా వస్తుంది. అంటే గట్టు తగలకూడదని కేవలం కమాన్లు మార్చినవారి గుండు ఇంకా గట్టుకు తగులుతూనే ఉంటుంది!

థార్, స్కార్పియో ఫోర్‌వీల్ బండ్ల సంగతి వేరు. వీటిలో ముందు చక్రాలు దేనికదే ఆడతాయి. గేర్ల గుండు చాసిస్‌తో పాటు పైకి లేస్తుంది, చక్రాలు కిందే ఉంటాయి. మధ్యలోని షాఫ్టులు ఏటవాలుగా వంగి తిరుగుతాయి. ఆ వంపులో జాయింటు మీది రబ్బరు బూటు ఒరుసుకుని చినుగుతుంది. గ్రీజు బయటికి, మట్టి లోపలికి. చక్రం లోపలివైపు గ్రీజు చిమ్మిన మరకలు కనిపిస్తే చప్పుడు రాకముందే జాగ్రత్తపడాలి.

చప్పుడు ఎక్కడిది?

స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా నడిపితే 'టక్ టక్' మంటూ, వేగంతో పాటు ఆ టకటక పెరిగితే షాఫ్టు చివరి జాయింటును అనుమానించాలి. ఒకానొక వేగం దగ్గర మాత్రమే బండి అదిరితే చూపు ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదికి పోవాలి. లేపినప్పుడు దాని క్రాసుల కోణం మారుతుంది. టూవీల్‌లో నడిచే బండి అయితే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పేసి రోడ్డు మీద నడిపి చూడండి. అదురు పోయిందంటే జబ్బు అక్కడే.

చక్రాల దగ్గర హబ్ లాక్ ఉన్న బండ్లలో ఇంకో సులువు ఉంది. లాక్ విప్పి టూవీల్‌లో నడిపితే ఇరుసు లోపలి షాఫ్టులు, గేర్లు తిరగవు. అప్పుడూ హోరు వస్తుంటే అది చక్రం బేరింగుదో, మోటు గుబ్బల టైరుదో. హోరు ఆగిపోతే లోపల చూడాలి.

అన్నట్టు, ఎండిన తారు రోడ్డు మీద ఫోర్‌వీల్ వేసి మలుపు తిప్పితే స్టీరింగ్ బిగుసుకుని బండి ఎగిరెగిరి పడుతుంది. సెంటర్ డిఫరెన్షియల్ లేని బండ్ల సహజ గుణమిది. దీన్ని చూసి ఇరుసు విప్పించుకోవద్దు.

జాకీ ఎత్తి చూస్తే..

వెనుక చక్రాలకు అడ్డం పెట్టి, ముందు భాగాన్ని జాకీతో లేపి గట్టి స్టాండ్ల మీద నిలపాలి. ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరొద్దు. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపండి. లూజు తగిలితే ఒకరిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే లూజు పోతే బేరింగు, పోకపోతే కింగ్ పిన్ లేదా బాల్ జాయింటు. ఇటూ అటూ పట్టి ఊపినప్పుడు మాత్రమే ఆడితే ముందుగా టై రాడ్ చివర్లు చూడాలి. చక్రాలు వేలాడుతున్నప్పుడే బ్రేకు గొట్టాలనూ చూడండి. లేపిన బండిలో పొడవు చాలక అవి తీగలా లాగి ఉంటాయి. తెగితే బ్రేకే ఉండదు.

వంగిందా.. తిరిగిందా?

మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను మళ్లీ నడిమికి రాకపోతే, వేగంలో బండి అటూ ఇటూ కొట్టుకుంటుంటే ఇరుసు వంగినట్టు కాదు. సాకిళ్లు పెంచినప్పుడు అది తన చోటే కాస్త తిరిగి ఉంటుంది. కమాన్ కట్టకూ ఇరుసుకూ మధ్య వాలు ముక్క పెట్టి సరిచేయొచ్చు.

నిజంగా వంగిన ఇరుసు గుర్తులు వేరు. టైరు ఒక అంచే అరుగుతుంది. ఎన్నిసార్లు సీలు మార్చినా చక్రం దగ్గర ఆయిల్ కారుతూనే ఉంటుంది. ఎలైన్‌మెంట్ మిషన్ మీద రెండు చక్రాల వాలులో తేడా వస్తుంది. మొద్దు ఇరుసులో ఆ వాలును సరిచేసే బోల్టులు ఉండవు కాబట్టి, కింగ్ పిన్‌లో లూజు లేకుండానే తేడా వచ్చిందంటే ఇనుమే వంగినట్టు. ఆయిల్ దింపితే బోల్టుకు బూడిదలాంటి సన్నని పొడి అంటుకోవడం మామూలే. పళ్ల ముక్కలు వస్తే గేర్లు పోయినట్టే. పాల రంగు ఆయిల్ వస్తే నీళ్లు దూరినట్టు. వంగిన స్టీరింగ్ ముక్కలను గ్యాస్ మంట పెట్టి సాగదీసే పని మాత్రం ఒప్పుకోవద్దు. కాలిన ఇనుము బలం కోల్పోతుంది, మాహూర్ ఘాట్‌లో విరిగితే బండి ఆగేది లోయలోనే.

అప్పటికీ అనుమానం తీరకపోతే కొత్తగా వేసిన పట్టీలు, దిమ్మలు తీసేసి పాత ఎత్తులో నాలుగు రోజులు నడపండి. చప్పుడు పోతే కోణాల లోపమే. ఉంటేనే ఇరుసు విప్పండి.

చట్టం మాటేమిటి?

కంపెనీ ఇచ్చిన కొలతలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో మార్పు ఒక్కోదానికి రూ.5 వేల జరిమానా లేదా 6 నెలల దాకా జైలు పడొచ్చు. ఎంహెచ్-26 నంబరైనా, సరిహద్దు దాటి తెలంగాణలో తిరిగేదైనా నిబంధన ఒక్కటే. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ కూడా ముందుగా ఈ మార్పులనే ప్రశ్నించే వీలుంది.