వార్తల్లో పదం: ప్లేఆఫ్స్

లీగ్ దశ దాటిన జట్లు కప్పు కోసం తలపడే ఘట్టమే ప్లేఆఫ్స్. అమెరికాలో రాత్రి జరిగే ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ ఆట అబిడ్స్, నాంపల్లిలో పొద్దుటి చాయ్ వేళకు పడుతుంది. ఒక్క ఓటమి చూసి ‘ఇక పనైపోయింది’ అని తేల్చేయడం మన అభిమానికి ఐపీఎల్ నేర్పిన తొందర. అక్కడ అది చెల్లుతుంది: 2016లో లీగ్ దశను మూడో స్థానంలో ముగించిన సన్‌రైజర్స్, ఒక్కటి ఓడినా ఇంటికే అన్న మూడు మ్యాచ్‌లు వరసగా గెలిచి కప్పు ఎత్తుకుపోయింది. బాస్కెట్‌బాల్‌లో మాత్రం ఏడు ఆటల సిరీస్‌లో నాలుగు గెలవాలి. ఒక్కో ఆటలో 60 శాతం గెలుపు అవకాశమున్న జట్టుకు సిరీస్ మొత్తంలో అది సుమారు 71 శాతానికి పెరుగుతుంది. అంటే అదృష్టం వాటా తగ్గుతుంది.

మరి 2023లో ఎనిమిదో సీడ్ మయామీ ఫైనల్ చేరలేదా అంటారు. చేరింది, డెన్వర్ చేతిలో 4-1తో ఓడింది. 71 నూరు కాదన్నది మాత్రం నిజమే: 2016 ఫైనల్లో 1-3తో వెనకబడ్డ క్లీవ్‌లాండ్, ఆ సీజన్‌లో 73 ఆటలు గెలిచిన గోల్డెన్ స్టేట్‌నే ఓడించింది.